నడిసముద్రంలో పోలీస్ స్టేషన్ ఎక్కడ?

అమెరికా రేవులకు వచ్చిపోయే పెద్ద క్రూయిజ్ ఓడల్లో డెక్ అంచున రెయిలింగ్ కనీసం 42 అంగుళాల ఎత్తుండాలి. గది బయట ఎవరు నిలబడ్డారో లోపలినుంచి చూసుకోవడానికి తలుపుకు చిన్న అద్దపు రంధ్రం ఉండాలి. ఓ మాదిరి లాడ్జిలో కూడా కనిపించే ఈ ఏర్పాటు ఓడల్లో తప్పనిసరి కావడానికి 2010 దాకా పట్టింది. ఎందుకంత ఆలస్యమంటే, ముందు ఓడ మీద ఎగిరే జెండా సంగతి చూడాలి.

తీరం దాటి నడిసముద్రంలోకి వెళ్ళాక, ఓడ ఏ దేశం జెండా కట్టుకుంటే ఆ దేశం చట్టమే దానిమీద నడుస్తుంది. ఈ పాత ఆనవాయితీనే 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందం 92వ అధికరణంలో రాసుకుంది. జెండాకీ ఓడకీ నిజమైన సంబంధం ఉండాలని 91వ అధికరణం అంటుంది గానీ, ఆ సంబంధమేమిటో చెప్పదు. ఆ సందులోంచే కంపెనీలు దూరిపోయాయి.

దీని మొదలు వింటే నవ్వొస్తుంది. 1922లో అమెరికాలో మద్యనిషేధం నడుస్తోంది. రిలయన్స్, రిజల్యూట్ అనే రెండు ప్రయాణికుల ఓడలను వాటి యజమానులు పనామాలో రిజిస్టర్ చేయించారు. అమెరికా జెండా దిగింది, ఓడలో బార్ తెరుచుకుంది. తర్వాత పన్నులకూ జీతాలకూ కూడా ఇదే దారి పనికొచ్చింది. ఇవాళ కంపెనీ ఆఫీసు మయామీలో ఉంటుంది, ఎక్కేవాళ్ళలో ఎక్కువమంది అమెరికన్లే, జెండా మాత్రం బహామాస్‌దో పనామాదో. మందు కోసం మార్చిన జెండా కిందే హత్యలూ అత్యాచారాలూ విచారించాల్సి వస్తోంది.

అదెలా ఉంటుందో 2011లో బయటపడింది. మెక్సికో తీరం దగ్గర ఒక ఓడలో పనిచేస్తున్న బ్రిటిష్ యువతి కనిపించకుండా పోయింది. ఓడ బహామాస్‌లో రిజిస్టరైంది కాబట్టి దర్యాప్తుకు అక్కడినుంచి ఒకే ఒక్క పోలీసు అధికారి వచ్చాడు. ఓడలో ఉన్నది వేలమంది.

అంతకుముందు 2004 ఆగస్టులో అలాస్కా వెళ్ళే ఓడలో ఒక అమెరికన్ మహిళ మాయమైంది. గది సర్దే కుర్రాడు మంచం నలగలేదని గమనించి, పైవాడికి రోజూ చెబుతూనే ఉన్నాడు. నీ పని నువ్వు చూసుకో అన్నారట. ఆమె ఓడెక్కిన సంగతి బయటపడింది కూడా కూతురి కోసం తండ్రి వెతుకులాట మొదలుపెట్టాకే. మరుసటి ఏడు జులైలో గ్రీస్, టర్కీల మధ్య హనీమూన్ ఓడలోంచి పెళ్ళికొడుకు అదృశ్యమయ్యాడు. అతని గది కింది పందిరి మీద రక్తం. టర్కీ పోలీసులు కొన్ని గంటల్లో చూసి వెళ్ళిపోయారు, ఓడ తర్వాతి రేవుకు బయల్దేరింది. ఇప్పటికీ ఎవరిమీదా కేసు పెట్టలేదు. ఇలాంటి కుటుంబాలు 2006లో క్రూయిజ్ బాధితుల అంతర్జాతీయ సంఘం పెట్టుకుని అమెరికన్ కాంగ్రెస్ చుట్టూ తిరిగాయి.

2010 జులైలో ఒబామా సంతకంతో వచ్చిన క్రూయిజ్ ఓడల భద్రతా చట్టం ఆ తిరుగుడు ఫలితమే. అమెరికన్లు బాధితులైన హత్య, అత్యాచారం, కనిపించకుండా పోవడం, పదివేల డాలర్లకు మించిన దొంగతనం వంటివి ఎఫ్‌బీఐకి చెప్పి తీరాలి. అత్యాచార పరీక్ష కిట్లు ఓడలో ఉండాలి. అయితే లెక్కలు ప్రచురించే దగ్గర ఓ మెలిక పెట్టారు: ఎఫ్‌బీఐ మూసేసిన కేసులే బయటికి రావాలి. దాంతో ఏటా కనిపించే సంఖ్య చాలా చిన్నదైంది. ఆ మెలిక తీయడానికి 2014లో మరో సవరణ కావాల్సి వచ్చింది.

ఇక పరిహారం. 1991లో అమెరికా సుప్రీంకోర్టుకు ఒక కేసొచ్చింది. ఓడ వంటగది చూపిస్తుండగా ఒకావిడ కాలు జారి పడింది. వాళ్ళది వాషింగ్టన్ రాష్ట్రం, దావా మాత్రం ఫ్లోరిడాలో వేయాలని టికెట్ మీద అచ్చయి ఉంది. కోర్టు కంపెనీ మాటే నిలబెట్టింది. విభేదించిన జడ్జి స్టీవెన్స్, ఆ అక్షరాలెంత చిన్నవో చూడండని, టికెట్ మీది ఆ షరతుల నకలును అసలు అక్షరాల సైజులోనే తన తీర్పుకు జోడించారు. టికెట్లలో ఇలాంటి షరతులు ఇప్పటికీ ఉన్నాయి: గాయమైతే ఆర్నెల్లలో నోటీసు, ఏడాదిలో దావా.

చనిపోతే ఇంకో కష్టం. 1920 నాటి అమెరికా చట్టం ప్రకారం నడిసముద్రంలో మరణానికి, పోయిన సంపాదన వంటి ఆర్థిక నష్టం మేరకే డబ్బొస్తుంది. పసిపిల్లకో, రిటైరైన పెద్దాయనకో సంపాదన ఎక్కడిది? 2000లో విమాన ప్రయాణికులకు దీన్ని సడలించారు, ఓడలకు లేదు.

మనకిదంతా దూరపు గొడవ కాదు. 2022లో చెన్నై నుంచి విశాఖకు క్రూయిజ్ వచ్చింది, 2023 సెప్టెంబర్‌లో విశాఖ పోర్టులో క్రూయిజ్ టెర్మినల్ తెరిచారు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, మన ప్రాదేశిక జలాలు. అది దాటాక విదేశీ జెండా ఓడలో విదేశీయుడు నేరం చేస్తే మన పోలీసుల చేతికి చిక్కేది తక్కువ. నిందితుడు భారతీయుడైతే ఇక్కడ విచారించొచ్చు, కానీ కొత్త నేర విచారణ చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 208వ సెక్షన్ కింద ముందు కేంద్రం అనుమతి కావాలి. పరిహారానికి మాత్రం ఒక గట్టి దారి ఉంది: ఓడల మీద దావాలకు సంబంధించిన 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం. ప్రాణనష్టానికో గాయానికో దావా పడితే, హైకోర్టు ఓడనే రేవులో ఆపేయొచ్చు. అయితే ఆ ఉత్తర్వు అందేసరికి ఓడ ఇంకా మన జలాల్లోనే ఉండాలి.