మారు అడిగే కణం, విస్తరి మడిచే కణం

పెళ్లి భోజనాల బంతిలో రెండు రకాల వాళ్లు కనిపిస్తారు. కడుపు నిండగానే విస్తరి మడిచి, వెనక నిలబడ్డవాళ్లకు చోటిచ్చి లేచేవాళ్లు కొందరు. వడ్డించేకొద్దీ మారు అడిగేవాళ్లు ఇంకొందరు. మన ఒంట్లో రోగాలతో పోరాడే ఒక రకం తెల్లరక్తకణాలు, అంటే టి-కణాలు, ఈ రెండు పద్ధతులూ పాటిస్తాయి. ఎదురుగా వచ్చిన వడ్డన ఏదన్నదాన్ని బట్టి పద్ధతి మారుతుంది.

ఆ వడ్డన పేరు సైటోకైన్. కోవిడ్ రోజుల్లో ‘సైటోకైన్ స్టార్మ్’ అని టీవీలో విని అందరం టెన్షన్ పడ్డాం కదా, అదే. రోగనిరోధక కణాలు ఒకదానికొకటి కబురు పంపుకొనే చిన్న ప్రొటీన్లివి. కబురు అందాలంటే కణం పైపొర మీద దానికి సరిపడే గ్రాహకం, అంటే రిసెప్టర్, ఉండాలి. ఒంట్లో సైటోకైన్ ఎంత ఉందో చూస్తే చాలదు, పట్టుకునే గ్రాహకాలు ఎన్నున్నాయో కూడా చూడాలి. తమాషా ఏమిటంటే, ఆ గ్రాహకాల లెక్కను పెంచేవీ తగ్గించేవీ చాలాసార్లు సైటోకైన్లే.

ముందు మారు అడిగే సంగతి. టి-కణాలను ప్రయోగశాలలో వారాల తరబడి పెంచగలిగే పదార్థం ఒకటుందని 1976లో అమెరికాలో రాబర్ట్ గాలో బృందం చూపించింది. తర్వాత దానికి ఇంటర్‌ల్యూకిన్-2 అని పేరొచ్చింది. దాని గ్రాహకంలో ఆల్ఫా, బీటా, గామా అని మూడు భాగాలుంటాయి. ఊరికే తిరుగుతున్న మామూలు టి-కణం మీద ఆల్ఫా దాదాపు కనిపించదు. వైరస్ ముక్కను గుర్తుపట్టాక కణం ఆల్ఫాను తయారుచేసుకుంటుంది. దీనికే సీడీ25 అని ఇంకో పేరు. అది వచ్చి చేరితే బీటా, గామా జంటకున్న పట్టు సుమారు 100 రెట్లవుతుంది. ఇంటర్‌ల్యూకిన్-2 అతుక్కోగానే కణం లోపల జాక్ ఎంజైములు స్టాట్5 అనే ప్రొటీన్‌ను లేపుతాయి. స్టాట్5 కేంద్రకంలోకి వెళ్లి సీడీ25 జన్యువును ఇంకా జోరుగా నడిపిస్తుంది. తిన్నకొద్దీ ఆకలి పెరగడమంటే ఇదే. వైరస్‌ను గుర్తుపట్టిన గుప్పెడు కణాలు కొద్ది రోజుల్లో గుంపులుగా పెరగాలి మరి, ఈ తిండిపోతుతనం అప్పుడు పనికొస్తుంది.

ఇంటర్‌ల్యూకిన్-7 కథ దీనికి పూర్తిగా ఎదురు. ఎముక మజ్జలోనూ లింఫు గ్రంథుల్లోనూ ఉండే ఆధార కణాలు దీన్ని ఇంచుమించు ఒకే పరిమాణంలో విడుదల చేస్తుంటాయి. పనిలేని రోజుల్లో టి-కణాలు బతికేది దీని మీదే. గంగాళం ఒకటే, తినే నోళ్లు కోట్లు. అందుకని ఇంటర్‌ల్యూకిన్-7 అందిన కణం తన మీదున్న గ్రాహకంలో సీడీ127 అనే భాగాన్ని తగ్గించేసుకుంటుంది. అంటే విస్తరి మడిచేస్తుంది. పక్క కణానికి వంతు వస్తుంది. 2004లో ఎలుకల్లో ఈ సంగతి వివరంగా తేలింది, మనుషుల టి-కణాల్లోనూ ఇదే కనిపించింది. హెచ్‌ఐవీ సోకి టి-కణాలు బాగా తగ్గిపోయినవాళ్ల రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-7 ఎక్కువగా ఉంటుంది. తినేవాళ్లు తగ్గి గంగాళంలో మిగిలిపోవడం దీనికో కారణమంటారు.

ఈ రెండు గ్రాహకాలకూ గామా భాగం ఉమ్మడి. అది లేకపోతే ఏమవుతుందో డేవిడ్ వెట్టర్ అనే పిల్లవాడి జీవితం చూపించింది. 1971లో అమెరికాలోని హ్యూస్టన్‌లో రోగనిరోధక శక్తి లేకుండా పుట్టి, సూక్ష్మజీవులు చొరబడని ప్లాస్టిక్ గదుల్లోనే పెరిగి, 1984లో 12 ఏళ్లకే చనిపోయాడు. ఇలాంటి జబ్బుకు గామా జన్యువులో లోపమే మూలమని 1993లో తెలిసింది. జన్యువు పేరులో ఇంటర్‌ల్యూకిన్-2 ఉంటుంది గానీ, టి-కణాలు పుట్టకపోవడానికి అసలు కారణం ఇంటర్‌ల్యూకిన్-7 కబురు అందకపోవడం. పేర్లు పెట్టడంలో శాస్త్రవేత్తల తొందర ఇలాగే ఉంటుంది.

సరిగ్గా అదే 1993లో ఇంకో వింత బయటపడింది. ఇంటర్‌ల్యూకిన్-2 లేని ఎలుకలకు రోగనిరోధక శక్తి తగ్గాలి కదా? తగ్గకపోగా అది వాటి పేగుల మీదే తిరగబడింది. దీనికి జవాబు దొరికే దారి జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకాగుచి వేశాడు. సీడీ25 ఎప్పుడూ నిండుగా ఉండి, మిగతా కణాలను అదుపులో పెట్టే టి-కణాలున్నాయని ఆయన 1995లో చూపించాడు. మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లతో కలిసి 2025లో నోబెల్ అందుకున్నాడు. ఈ నియంత్రక కణాలు ఇంటర్‌ల్యూకిన్-2ను సొంతంగా చేసుకోలేవు. పక్కవాళ్లు చేసినదాన్ని తాగేసి తాము బతుకుతాయి, వాళ్ల దూకుడూ తగ్గిస్తాయి. వీటి మీద సీడీ127 మాత్రం చాలా తక్కువ. మనిషి రక్తంలో వీటిని ఏరాలంటే ఇప్పటికీ ల్యాబుల్లో చూసే గుర్తు ఇదే: సీడీ25 ఎక్కువ, సీడీ127 తక్కువ.

ఇంటర్‌ల్యూకిన్-2ను మందుగా కూడా వాడారు. ముదిరిన కిడ్నీ క్యాన్సర్‌కు పెద్ద మోతాదులో ఇవ్వడానికి అమెరికా 1992లో అనుమతిచ్చింది. కొందరికి బాగా పనిచేసింది గానీ, రక్తనాళాల నుంచి ద్రవం కారిపోయి బీపీ పడిపోయేది. మోతాదు బాగా తగ్గిస్తే కథ తలకిందులవుతుంది. ఆ కాస్త మందునూ ముందుగా లాక్కునేవి సీడీ25 నిండుగా ఉన్న నియంత్రక కణాలే. అందుకే రోగనిరోధక శక్తిని ఎగదోయడానికి తెచ్చిన మందునే, అది అతిగా రెచ్చిపోయే లూపస్ అనే జబ్బులో దాన్ని శాంతపరచడానికి చిన్న మోతాదుల్లో పరీక్షిస్తున్నారు.