ప్రకృతి మన కోసం తయారుచేయని మందులు

సముద్రపు అడుగున రాతిని కరచుకొని బతికే స్పాంజికి పారిపోవడం రాదు, కరవడం రాదు, దాక్కోవడానికి పైన పెంకు కూడా లేదు. కదలలేని అలాంటి జీవికి మిగిలిన ఆయుధం రసాయనమే. జపాన్ శాస్త్రవేత్తలు యోషిమాసా హిరాతా, దైసుకే ఉయెమురా ఒక రకం స్పాంజిని 600 కిలోలు సేకరించి, దాని సారం నుంచి హాలికాండ్రిన్ బి అనే పదార్థాన్ని వేరుచేసి 1986లో ప్రకటించారు. అంత శ్రమకు వారి చేతికి దక్కినది 12.5 మిల్లీగ్రాములు, అంటే ఒక బియ్యపు గింజ బరువులో సుమారు సగం. ఎలుకల్లో కేన్సర్ కణాలను అది అతి తక్కువ మోతాదులోనే అణచివేసింది కనుక దాన్ని మందుగా మార్చాలన్న ఆశ వెంటనే పుట్టింది. ఆ ఆశ ఫలించడానికి దాదాపు పాతికేళ్ళు పట్టింది. ఒక జీవిలో మందు గుణం ఉన్న పదార్థం దొరకడానికీ, ఆ మందు రోగి దాకా చేరడానికీ మధ్య ఇంత దూరం ఎందుకుంటుందో, ఆ దూరంలో ఔషధ రసాయన శాస్త్రవేత్త చేసే పని ఏమిటో ఈ వ్యాసంలో చూద్దాం.

మొక్క గానీ, శిలీంధ్రం గానీ, బాక్టీరియా గానీ ఒక సంక్లిష్టమైన రసాయనాన్ని కట్టుకోవడానికి ఎంతో శక్తిని వెచ్చిస్తాయి. ఆ ఖర్చు మన రోగాలను దృష్టిలో పెట్టుకొని చేసినది కాదు. కాఫీ మొక్క కెఫీన్‌ను తయారుచేసుకునేది మన నిద్రమత్తు వదిలించడానికి కాదు, తన ఆకులను తినవచ్చే పురుగులను నిలువరించడానికి. మరి పురుగు కోసమో, చేప కోసమో సిద్ధమైన విషం మనిషి శరీరంలో పనిచేయడానికి కారణం జీవుల మధ్య ఉన్న పాత బంధుత్వమే. కణం రెండుగా చీలే వేళ క్రోమోజోములను చెరో వైపుకు లాగే సన్నని నాళికలు ట్యూబులిన్ అనే ప్రోటీను ఇటుకల్లా పేరుకోవడం వల్ల ఏర్పడతాయి. ఈ ప్రోటీను ఈస్టులోనూ, చేపలోనూ, మనిషిలోనూ కొద్ది తేడాలతో ఒకటే. స్పాంజిలో దొరికిన హాలికాండ్రిన్ ఆ నాళికకు కొత్త ఇటుకలు చేరకుండా చేస్తుంది. పసిఫిక్ యూ చెట్టు బెరడులోని టాక్సాల్ పేరిన ఇటుకలు ఊడకుండా బిగించేస్తుంది. బిళ్ళగన్నేరులోని విన్‌బ్లాస్టిన్ అసలు ఇటుకలనే పేరుకోనివ్వదు. ఏ సంబంధమూ లేని మూడు జీవులు విడివిడిగా ఒకే ప్రోటీను మీద గురిపెట్టాయి. కేన్సర్ కణాలు అదేపనిగా చీలుతూ ఉంటాయి కాబట్టి ఈ మూడూ చివరికి కేన్సర్ మందులకు దారితీశాయి.

బిళ్ళగన్నేరు సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ఆ ఆకు మధుమేహానికి మంచిదన్న ప్రచారాన్ని విని కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ దానిని పరీక్షకు పెట్టారు. రక్తంలో చక్కెర తగ్గలేదు. సారాన్ని సూదితో ఎక్కించిన ఎలుకలు మాత్రం కొద్ది రోజుల్లోనే సూక్ష్మజీవులు సోకి చనిపోయాయి. చూస్తే వాటి తెల్ల రక్తకణాలు దారుణంగా పడిపోయి ఉన్నాయి. ఇంకొకరైతే విఫలమైన ప్రయోగమని ఆ ఎలుకలను పారవేసి ఉండేవారేమో. తెల్లకణాలను చంపే పదార్థం తెల్లకణాల కేన్సర్ మీద కూడా పనిచేయవచ్చని వారు ఆలోచించారు. 1958 నాటికి విన్‌బ్లాస్టిన్ బయటపడింది. సంప్రదాయ వైద్యం చూపిన మొక్క సరైనదే అయింది, చెప్పిన రోగం మాత్రం అది కాదు.

ఇక ప్రయోగశాలలో పని ఎలా సాగుతుందో చూద్దాం. ఎండిన ఆకుల పొడిని మిథనాల్‌లో నానబెట్టి, వడగట్టి, రోటరీ ఎవాపరేటర్ మీద ఆ ద్రావణిని ఆవిరి చేస్తే ఫ్లాస్కు అడుగున ముదురాకుపచ్చని జిగురు మిగులుతుంది. అందులో వందల కొద్దీ పదార్థాలు కలగలిసి ఉంటాయి. దానిని నీటిలో కలిపి, వేరుచేసే గరాటులో మొదట హెక్సేన్‌తోనూ, తరువాత ఇథైల్ ఎసిటేట్‌తోనూ కుదుపుతారు. కొవ్వు స్వభావం గలవి ఒక పొరలోకి, నీటిని ఇష్టపడేవి మరొక పొరలోకి చేరుతాయి. ప్రతి పొరలోంచి కొంత తీసి, రోగకారక క్రిమి మీదో, కేన్సర్ కణాల మీదో పరీక్షిస్తారు. గుణం కనిపించిన పొరను మాత్రమే ఉంచుకొని, దానిని సిలికా జెల్ నింపిన గాజు గొట్టం మీద పోసి, ద్రావణిని మెల్లగా వదులుతారు. పసుపు, నారింజ, ఆకుపచ్చ పట్టీలు ఒకదాని వెనుక ఒకటి కిందికి దిగుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. కొత్తగా చేరిన విద్యార్థులకు ఆ రంగుల మీదే మోజు. తీరా పరీక్షిస్తే గుణం చాలాసార్లు రంగులేని భాగంలో, అతినీలలోహిత దీపం కింద సిలికా పూసిన పలక మీద లీలగా కనిపించే చుక్కలో తేలుతుంది. పరీక్ష, విభజన, మళ్ళీ పరీక్ష, మళ్ళీ విభజన, ఇలా నెలల తరబడి సాగి, చివరికి ఒకే ఒక పదార్థం మిగిలితే, అప్పుడు ఎన్ఎమ్ఆర్ (అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాల స్పందనను చదివే పద్ధతి) సాయంతో దానిలో ఏ పరమాణువు దేనికి అతుక్కొని ఉందో తేలుస్తారు. ఇంతా చేశాక అది ముప్పై ఏళ్ళ క్రితమే ఎవరో కనుగొన్న పదార్థమని తెలియడం ఈ రంగంలో అరుదేమీ కాదు. అందుకే ఇప్పుడు తొలి దశలోనే సారంలోని అణుభారాలను కొలిచి, పాత పట్టికలతో పోల్చి చూసుకుంటారు.

సారం తీసే పద్ధతి ఎంత ముఖ్యమో చెప్పడానికి మలేరియా మందు ఆర్టెమిసినిన్‌ను మించిన ఉదాహరణ నాకు తోచదు. మలేరియాకు కొత్త మందు కోసం చైనాలో 1967లో మొదలైన రహస్య పథకంలో తూ యూయూ బృందం చింగ్‌హావ్ అనే మొక్కను పరీక్షిస్తే ఫలితాలు ఒకసారి బాగుండేవి, మరొకసారి ఉండేవి కావు. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ రాసిన గ్రంథంలో ఆ మొక్కను నీటిలో నానబెట్టి, పిండి, ఆ రసాన్ని తాగమని ఉంది, మరిగించమని లేదు. వేడికి అసలు గుణం చెడిపోతోందేమోనని అనుమానించిన ఆమె సుమారు 35 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబరు 4న 191వ నమూనా ఎలుకల్లోని మలేరియా క్రిమిని నూటికి నూరు పాళ్ళు అణచివేసింది. మరుసటి ఏడాది స్వచ్ఛమైన ఆర్టెమిసినిన్ స్ఫటికాలు చేతికి వచ్చాయి.

ఆ అణువు నిర్మాణం తేలాక వేడి అనుమానానికి రసాయన ఆధారం కూడా కనిపించింది. అందులో రెండు ఆక్సిజన్ పరమాణువులు ఒకదానికొకటి నేరుగా అతుక్కొని వంతెనలా ఉంటాయి. ఆక్సిజన్‌కు ఆక్సిజన్‌తో ఏర్పడే బంధం స్వతహాగా బలహీనం. మలేరియా క్రిమి మన ఎర్ర రక్తకణంలో చేరి హీమోగ్లోబిన్‌ను జీర్ణం చేసుకుంటున్నప్పుడు ఇనుముతో కూడిన హీమ్ విడుదలవుతుంది. ఆ ఇనుము తగలగానే వంతెన తెగి, అతి చురుకైన ముక్కలు పుట్టి క్రిమి ప్రోటీనులను పాడుచేస్తాయి. వంతెనలోంచి ఒక్క ఆక్సిజన్‌ను తీసేసిన అణువుకు మందు గుణం ఉండదు. కనుక వంతెన జోలికి పోకూడదు, మిగిలిన భాగాన్ని మార్చుకోవచ్చు. ఆర్టెమిసినిన్‌కు నీటిలోనూ, నూనెలోనూ సరిగా కరగని పెద్ద లోపం ఉంది. అందులోని ఒక కార్బొనిల్ సమూహాన్ని (కార్బన్, ఆక్సిజన్ జంటను) క్షయీకరణం చేసి, అంటే దానికి హైడ్రోజన్‌ను చేర్చి, అక్కడ మిథైల్ సమూహాన్ని తగిలిస్తే నూనెలో కరిగే ఆర్టెమీథర్ వచ్చింది, సక్సినిక్ ఆమ్లపు ముక్కను తగిలిస్తే రక్తనాళంలోకి ఎక్కించగల ఆర్టెసునేట్ వచ్చింది. ఎక్కడ ముట్టుకోకూడదో, ఎక్కడ ముట్టుకోవచ్చో తేల్చుకోవడమే ఔషధ రసాయన శాస్త్రంలో సగం విద్య. ఈ కృషికి తూ యూయూకు 2015లో నోబెల్ బహుమతిలో సగభాగం దక్కింది.

అయితే పరీక్షలో గుణం కనిపించిన ప్రతిదీ మందు కాదు. బెరడుల్లో, కాయల్లో విరివిగా ఉండే వగరు పదార్థాలైన టానిన్లు ఏ ప్రోటీను కనిపిస్తే దానికి అంటుకుంటాయి కాబట్టి ప్రతి పరీక్షలోనూ ఘనవిజయం సాధించినట్టే కనిపిస్తాయి. పసుపులోని కర్‌క్యుమిన్ పరిస్థితి ఇంకా చిక్కు. అది స్వయంగా కాంతిని వెలువరిస్తుంది, లోహాలను పట్టుకుంటుంది, ప్రోటీనులతో విచక్షణ లేకుండా చర్య జరుపుతుంది. కాబట్టి వెలుగు ఆధారంగా కొలిచే పరీక్షలను తేలికగా మోసగించగలదు. పైగా శరీర ఉష్ణోగ్రత వద్ద, పీహెచ్ 7.2 గల ద్రావణంలో అరగంట తిరిగేసరికి దానిలో దాదాపు 90 శాతం విచ్ఛిన్నమైపోతుంది. 2017లో కొందరు ఔషధ రసాయన శాస్త్రవేత్తలు ఈ సాక్ష్యాలన్నిటినీ ఒకచోట చేర్చి, కర్‌క్యుమిన్‌ను మందుగా తీర్చిదిద్దే ప్రయత్నాలకు గట్టి పునాది లేదని తేల్చారు. ఇది చాలామందికి రుచించలేదు. ప్రకృతి నుంచి వచ్చింది కనుక మంచే చేస్తుందన్న నమ్మకం మనలో అంత లోతుగా పాతుకుపోయింది. నిజానికి సహజ పదార్థమైనా, కృత్రిమ పదార్థమైనా శరీరంలోని ప్రోటీనుకు తెలిసేది అణువు ఆకారం మాత్రమే, దాని పుట్టుక కాదు.

కొన్నిసార్లు ప్రకృతి నుంచి పదార్థాన్ని కాక ఆలోచనను మాత్రమే అరువు తెచ్చుకుంటారు. బ్రెజిల్‌లోని జరరాకా పాము విషంలోని పెప్టైడ్లు (చిన్న ప్రోటీను ముక్కలు) రక్తపోటును పెంచే ఒక ఎంజైమును అడ్డుకుంటాయి. నోటి ద్వారా ఇస్తే మాత్రం అవి పనిచేయవు. ఆ పెప్టైడ్ కొసన ఉన్న ప్రోలీన్ అనే అమైనో ఆమ్లాన్ని ఉంచి, ఎంజైము నడుమ ఉండే జింకును పట్టుకోవడానికి ఒక గంధకపు కొక్కేన్ని చేర్చి కట్టిన చిన్న అణువే కాప్టోప్రిల్. అది 1981లో మార్కెట్‌లోకి వచ్చింది. అందులో పాము విషం చుక్క కూడా లేదు.

మళ్ళీ స్పాంజి దగ్గరకు వద్దాం. టాక్సాల్ విషయంలో బెరడు ఒలిస్తే చెట్టు చనిపోతుంది కాబట్టి, మళ్ళీ చిగురించే యూరప్ యూ ఆకుల నుంచి దగ్గరి బంధువైన ఒక పదార్థాన్ని తీసి, దానికి మిగతా భాగాన్ని అతికించి గట్టెక్కారు. హాలికాండ్రిన్‌కు ఆ వెసులుబాటు లేదు. 1992లో హార్వర్డ్‌లో యోషితో కిషి బృందం దానిని చిన్న చిన్న రసాయనాల నుంచి పూర్తిగా నిర్మించింది. ఎడమా కుడీ తేడా రాకుండా అమర్చవలసిన స్థానాలు అందులో 32 ఉన్నాయి. ఆ క్రమంలో తయారైన మధ్యంతర ముక్కలను కూడా కేన్సర్ కణాల మీద పరీక్షించి చూస్తే, అణువు కుడి సగానికే గుణమంతా ఉందని బయటపడింది. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే, ఎందుకంటే పారవేయదగ్గ అరకొర ముక్కల్లోనే అసలు జవాబు ఉంది. ఆ సగంలోని ఎస్టర్ బంధాన్ని శరీరంలోని ఎంజైములు తెంచివేస్తుంటే, దాని స్థానంలో తెగని కీటోన్‌ను పెట్టారు. అలా రూపుదిద్దుకున్న ఎరిబులిన్‌లో ఎడమా కుడీ చూసి అమర్చవలసిన స్థానాలు 19కి తగ్గాయి. అయినా దాని తయారీకి 60కి పైగా దశలు పడతాయి. ముదిరిన రొమ్ము కేన్సర్‌కు 2010లో అమెరికాలో అనుమతి పొందిన ఆ మందు కోసం ఇప్పుడు సముద్రంలోంచి ఒక్క స్పాంజిని కూడా తీయనక్కరలేదు.

ఇటీవలి అన్వేషణ జన్యువుల వైపు మళ్ళింది. ఎన్నో యాంటీబయాటిక్‌లను ఇచ్చిన స్ట్రెప్టోమైసిస్ జాతి మట్టి బాక్టీరియాల్లో ఒకదాని పూర్తి జన్యుక్రమాన్ని 2002లో ప్రకటించినప్పుడు, ఇలాంటి రసాయనాలను కట్టగల జన్యుసమూహాలు అందులో 20కి పైగా ఉన్నట్టు తేలింది. ప్రయోగశాలలో అది అప్పటిదాకా తయారుచేసి చూపినవి వేళ్ళ మీద లెక్కపెట్టదగ్గవే. పుష్కలంగా ఆహారం పోసి ఫ్లాస్కులో ఒంటరిగా పెంచినప్పుడు మిగతా జన్యువులు మౌనంగా ఉండిపోతాయి. పోటీకి మరో సూక్ష్మజీవిని అదే ఫ్లాస్కులో కలిపి పెంచినప్పుడు, వాటిలో కొన్ని మేలుకొని, అంతకుముందు ఆ ద్రవంలో లేని రసాయనాలు కనిపిస్తున్నాయి.