బోట్ మోటార్ స్టార్ట్ అవ్వట్లేదా? కాయిల్ కొనే ముందు ఇది చదవండి

"అన్నా, ప్లగ్ మార్చా, కాయిల్ (ప్లగ్‌కి కరెంటు ఇచ్చేది) మార్చా, సీడీఐ (స్పార్క్‌ని నడిపే ఎలక్ట్రానిక్ డబ్బా) కూడా కొత్తదే వేశా, అయినా తాడు లాగి లాగి భుజం పడిపోతోంది, ఇంజిన్ పోయినట్టేనా?" ఈ మాట వినీ వినీ ఇక రాయకుండా ఉండలేక రాస్తున్నా. ముందు కంగారు పడకండి, ఇంజిన్ పోలేదు, చాలాసార్లు పోయేది మీ డబ్బే.

అపోహ: స్టార్ట్ అవ్వట్లేదంటే కరెంటు సైడే పోయింది.

నా దగ్గరకొచ్చే చిన్న ఔట్‌బోర్డుల్లో (పడవ వెనక తగిలించే మోటార్లలో) ఎక్కువ వాటికి జబ్బు పెట్రోల్ సైడే ఉంటుంది. సీజన్ అయిపోయాక ట్యాంకులో, కార్బొరేటర్‌లో పెట్రోల్ అలాగే వదిలేస్తారు, నెలలు గడిచేసరికి అందులో తేలిగ్గా అంటుకునే భాగం ఆవిరైపోయి మిగిలింది జిగురు కడుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ అయితే ఇంకో బాధ, అది గాలిలో తేమని పీల్చుకుంటుంది, మోతాదు దాటితే నీళ్ళూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి, మోటార్ పీల్చేదేమో అడుగునుంచే.

మొన్న ఒకాయన మోటార్ తెచ్చాడు, కాయిల్ మీద స్టిక్కర్ కూడా ఇంకా చెరగలేదు. చోక్ లాగి పదిసార్లు తాడు లాగి ప్లగ్ విప్పి చూశా, ఎండుగడ్డిలా పొడిగా ఉంది. అంటే సిలిండర్లోకి పెట్రోలే రావట్లేదు, ఇంక స్పార్క్ ఎంత బాగుంటే మాత్రం ఏం లాభం? కార్బొరేటర్ కింద పెట్రోల్ నిలిచే గిన్నె, అదే బౌల్ విప్పితే అడుగున తేనె రంగు జిగురు, పాత వార్నిష్ వాసన. పైలట్ జెట్ (ఐడిల్‌లో, అంటే మోటార్ నెమ్మదిగా ఆడేటప్పుడు పెట్రోల్ ఇచ్చే సన్న రంధ్రం ఉన్న ముక్క) తీసి వెలుతురుకి పెట్టి చూస్తే అవతల చుక్క కూడా కనపడలేదు. ఆ రంధ్రం చిన్న మోటార్లు చాలావాటిలో అర మిల్లీమీటరు కూడా ఉండదు, మూసుకుపోవడానికి ఎంత కావాలి చెప్పండి! క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టి బిగించి, కొత్త పెట్రోల్ పోసి లాగితే మూడో లాగుకి అందుకుంది. ఆయన మొహం చూస్తే నాకే బాధేసింది, అన్ని పార్టులకి పెట్టిన ఖర్చు వెనక్కి రాదుగా. (జెట్‌లో ఇనప తీగ మాత్రం పొడవకండి, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు.)

పైలట్ జెట్ మూసుకుపోతే గుర్తుపట్టడం తేలికే. చల్లగా ఉన్నప్పుడు అస్సలు అందుకోదు, అందుకున్నా చోక్ సగం లాగి ఉంచితేనే ఆడుతుంది, ఐడిల్‌కి దించగానే ఆగిపోతుంది, కానీ థ్రాటిల్ పెంచితే బాగానే పరిగెడుతుంది, ఎందుకంటే స్పీడులో పనిచేసేది మెయిన్ జెట్.

అదే ప్లగ్ తడిసి ముద్దయి ఉంటే మాత్రం అప్పుడు స్పార్క్ చూడండి, లేదా చోక్ ఎక్కువై ఫ్లడ్ అయి ఉంటుంది. పొడిగా ఉందా తడిగా ఉందా అన్నది చూడకుండా పార్టు కొనొద్దు, ఇది చేతులు జోడించి చెప్తున్నా.

అపోహ: ఈథర్ స్ప్రే కొడితే ఎలాంటిదైనా అందుకుంటుంది.

టూ స్ట్రోక్‌కి ఆయిల్ వచ్చేదే పెట్రోల్‌తో పాటు. స్ప్రేలో ఆయిల్ ఉండదు, ఉన్న పొరని కూడా కడిగేస్తుంది, పైగా టైముకి ముందే పేలి పిస్టన్, రింగులు దెబ్బతింటాయి. ఎవరో చెప్పారని కొట్టకండి.

అపోహ: ఆయిల్ కాస్త ఎక్కువ కలిపితే ఇంజిన్‌కి మంచిది.

50:1 (యాభై వంతుల పెట్రోల్‌కి ఒక వంతు ఆయిల్) అని కంపెనీ చెప్తే 50:1 కలపండి. ఎక్కువైతే ప్లగ్ మసి పట్టి స్టార్టింగే కష్టమవుతుంది.

అపోహ: సెల్ఫ్ తిరుగుతోంది కాబట్టి బ్యాటరీ బాగానే ఉంది.

తిరగడం వేరు, స్పీడుగా తిరగడం వేరు. ఫ్లైవీల్ నెమ్మదిగా తిరిగితే చాలా మోటార్లలో స్పార్కే పుట్టదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ 9.5 వోల్టుల కిందకి పడిపోతుంటే ముందు బ్యాటరీ, టెర్మినళ్ళు చూసుకోండి.

ఇక కిల్ స్విచ్ (ఇంజిన్ ఆపేసే స్విచ్) క్లిప్ ఊడిపోవడం, గేరులో ఉండటం, ట్యాంకు మూత మీద గాలి స్క్రూ తిప్పకపోవడం, ఇవి చిన్నవే గానీ మనుషుల్ని గంటలు గంటలు ఏడిపిస్తాయి, నేనూ ఒకసారి క్లిప్ చూడకుండా కార్బొరేటర్ అంతా విప్పేశా.

మెకానిక్ దగ్గరకి తీసుకెళ్ళేటప్పుడు మోటార్ ఒక్కటే మోసుకెళ్ళకండి, మీ ట్యాంకు, హోస్, బల్బు (హోస్ మధ్యలో చేత్తో నొక్కి పెట్రోల్ పంపే రబ్బరు ఉండ) కూడా పట్టుకెళ్ళండి. నా ట్యాంకు తగిలిస్తే ఒక్క లాగుకే స్టార్టయి, ఇంటికెళ్ళాక మళ్ళీ మొండికేసినవి బోలెడు చూశా, తీరా చూస్తే హోస్ కనెక్టర్లో ఓ-రింగ్ పగిలి పెట్రోల్ బదులు గాలి పీలుస్తోంది. బల్బు ఎంత నొక్కినా గట్టిపడట్లేదంటే, లేదా బల్బు నొక్కుతూ ఉన్నంతసేపే మోటార్ ఆడుతోందంటే, హోస్, కనెక్టర్లు, ఫ్యూయల్ పంప్ డయాఫ్రం (పంపు లోపలి పల్చటి పొర) ఈ మూడూ చూపించండి.