కోడిపందేల బరి వెనక 1861 నాటి చట్టం

ఏటా సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల ఇదే తంతు. పండగ ముందు పోలీసులు పందెంరాయుళ్లను బైండోవర్ చేస్తారు, కత్తులు పట్టుకుంటారు, హైకోర్టు ఉత్తర్వుల గురించి హెచ్చరిస్తారు. భోగినాటికి బరులు లేస్తాయి. కొన్నిచోట్ల ప్రజాప్రతినిధులే వచ్చి పుంజును పట్టుకుని ఫొటో దిగుతారు. ఇక ఎస్సై ఆ దారిన వెళ్లడు. మామూళ్లు ముట్టాయని మనం తేల్చేస్తాం. అదీ ఉండొచ్చు గానీ అసలు ముడి చాలా పాతది.

1855లో మద్రాసు ప్రెసిడెన్సీలో చిత్రహింసలపై ఒక కమిషన్ విచారణ జరిపింది. శిస్తు వసూలూ నేర విచారణా ఒకే బంట్రోతుల చేతిలో ఉండటంతో రైతుల్ని ఎలా హింసిస్తున్నారో బయటపెట్టింది. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి అప్పటికి మూడేళ్లే. 1859 జిల్లా పోలీసు చట్టం ఆ రెండు పనుల్నీ విడదీసింది. మంచి పనే. కానీ 1857 తిరుగుబాటు భయం ఇంకా తీరని సర్కారు అది. తనకు జవాబు చెప్పే పోలీసును తయారు చేసుకుంది, ఊరికి జవాబు చెప్పేవాణ్ణి కాదు. దేశం మొత్తానికి 1861లో తెచ్చిన పోలీస్ యాక్టుదీ అదే వరస. 1879లో రంప మన్యం తిరగబడినప్పుడు జనం పోలీస్ స్టేషన్ల మీద పడ్డారంటే ఊరికే కాదు. 2022 మే 24న కోనసీమ జిల్లా పేరు గొడవలో అమలాపురం తగలబడిన రోజుల్లో 144తో పాటు వినిపించిన ‘సెక్షన్ 30’, అంటే సభలకీ ఊరేగింపులకీ పోలీసు అనుమతి తప్పనిసరి చేసేది, ఆ 1861 యాక్టులోదే.

ఊళ్లో మాత్రం చాలాకాలం నేరాల కబురు మొదట మునసబుకీ తలారికీ చేరేది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణాల వ్యవస్థను రద్దు చేసింది. ఆ పెత్తనం పోయినందుకు ఏడ్చినవాళ్లు తక్కువే. అయితే స్టేషన్‌కి ఊరి సంగతులు తెచ్చే మనిషీ దాంతోనే పోయాడు. 2019 తర్వాత సచివాలయాల్లో మహిళా పోలీసులు వచ్చినా ఆ ఖాళీ నిండలేదనే నా అభిప్రాయం.

పోలీసు సంస్కరణల మాటకొస్తే 1902 ఫ్రేజర్ కమిషన్ నుంచి 1977 ధరమ్‌వీర కమిషన్ దాకా నివేదికలకు కొదవ లేదు. చివరికి మాజీ డీజీపీ ప్రకాశ్‌సింగ్ వేసిన కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టే ఆదేశాలిచ్చింది. ఎస్పీకీ, స్టేషన్ అధికారికీ కనీసం రెండేళ్లు ఒకేచోట పని. బదిలీలకు పోలీసు అధికారులతోనే బోర్డు. పోలీసుల మీద ఫిర్యాదులకు విడిగా అథారిటీ. ఇవన్నీ కాగితం మీద బాగానే ఉన్నాయి. ఎమ్మెల్యే సిఫార్సు లేనిదే స్టేషన్ దొరకదన్న మాట మాత్రం డెల్టాలో ఏ టీకొట్టు దగ్గరైనా వినిపిస్తుంది. మాట వినకపోతే వీఆర్‌కి, అంటే పోస్టింగ్ లేకుండా ఖాళీగా కూర్చోబెట్టే వేకెన్సీ రిజర్వుకి పంపుతారు. అలాంటి ఎస్సై బరి మీద దాడి చేస్తాడా?

దర్యాప్తును శాంతిభద్రతల నుంచి విడదీయమని కూడా ఆ తీర్పులో ఉంది. నాకైతే అన్నిటికంటే అత్యవసరం అదే. సైబర్ మోసాల కేసు పట్టుకున్న ఎస్సైనే తీర్థాలకీ, వీఐపీ పర్యటనలకీ బందోబస్తుకి లాగుతారు. 2027లో గోదావరి పుష్కరాలు. అప్పటికైనా దర్యాప్తుకి విడిగా మనుషుల్ని పెట్టకపోతే ఆ పన్నెండు రోజులూ సిబ్బంది ఘాట్లలో, కేసు డైరీలు బీరువాల్లో ఉంటాయి.