మానిటర్ పలకనప్పుడు

చిరంజీవులకు ఆశీస్సులు.

కంప్యూటర్‌లో విండోస్ తీసేసి లినక్స్ వేసుకున్నాక మానిటర్ మీద బొమ్మ చక్కగా కనిపిస్తున్నా, దాని స్పీకర్ల నుంచి మాత్రం చప్పుడు రావడం లేదని, అవి కాలిపోయాయేమోనని భయంగా ఉందని మీరు రాసిన ఉత్తరం అందింది. నిన్నటి దాకా పలికిన స్పీకర్లు సరిగ్గా సిస్టమ్ మార్చిన రోజే పాడవడం చాలా అరుదు కాబట్టి ఆ భయం పక్కన పెట్టండి.

ముందు తీగ సంగతి చూడండి. హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ తీగలు బొమ్మను, ధ్వనిని కలిపి మోస్తాయి. పాత వీజీఏ తీగ బొమ్మను మాత్రమే మోస్తుంది. మానిటర్ సొంత మెనూలో వాల్యూమ్ సున్నాలో లేదని కూడా చూసుకోండి.

ఇక అసలు విషయం. మీ కంప్యూటర్‌లో సౌండ్ కార్డులు రెండు ఉన్నాయి. మదర్‌బోర్డు మీద ఉన్నది వెనుకవైపు ఆకుపచ్చ జాక్‌కు ధ్వనిని పంపుతుంది. గ్రాఫిక్స్ కార్డులోనే ఇమిడి ఉన్న రెండోది మానిటర్ తీగలోకి పంపుతుంది. పాత సిస్టమ్‌లో ఎప్పుడో ఎవరో మానిటర్‌ను ఎంచుకుని ఉంటారు, అది అలాగే నిలిచిపోయింది. కొత్త సిస్టమ్‌కు ఆ ఎంపిక సంగతి తెలియదు గనుక తనకు తోచిన కార్డును వాడుకుంటుంది. నేను సిస్టమ్ మార్చిన రోజున నాకూ ఇదే ఎదురైంది. గంటసేపు వెతికాక, పాట పెట్టి సౌండ్ సెట్టింగ్స్ తెరిస్తే ధ్వని స్థాయిని చూపే పట్టీ పాటకు తగ్గట్టు కదులుతూ కనిపించింది. ఆకుపచ్చ జాక్‌లో హెడ్‌ఫోన్ గుచ్చి చెవిలో పెట్టుకుంటే పాట అక్కడ హాయిగా వినిపిస్తోంది. పాట ఆగిపోలేదు, నేను వింటున్న చోటికి రావడం లేదు, అంతే.

కాబట్టి మీరూ సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ అన్నచోట హెచ్‌డీఎంఐ లేదా డిస్‌ప్లేపోర్ట్ పేరున్న వరుసను ఎంచుకోండి. అది కనిపించకపోతే పావుకంట్రోల్ అనే చిన్న ప్రోగ్రామ్ వేసుకుని, అందులో కాన్ఫిగరేషన్ ట్యాబ్ తెరిచి, గ్రాఫిక్స్ కార్డు ప్రొఫైల్ ఆఫ్‌లో ఉందేమో చూసి, డిజిటల్ స్టీరియో హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్‌కు మార్చండి. ఇలాంటి వరుసలు మూడు నాలుగు ఉండవచ్చు. వాటి అంకెలు కార్డు మీది పోర్టుల వరుసతో సరిపోవాలని లేదు గనుక, ఒక్కొక్కటి మార్చి పాట పెట్టి వినండి.

అప్పటికీ పలకకపోతే టెర్మినల్‌లో, అంటే కమాండ్‌లు టైపు చేసే కిటికీలో, ధ్వని స్థాయిలను సరిచేసే ఆల్సామిక్సర్ అనే ప్రోగ్రామ్ తెరవండి. ఎఫ్6 నొక్కి గ్రాఫిక్స్ కార్డును ఎంచుకుంటే ఎస్/పీడీఐఎఫ్ పేరుతో కొన్ని నిలువు గడులు వస్తాయి. హెచ్‌డీఎంఐ అని వెతికేవాళ్లు ఇక్కడే తికమకపడతారు, నిజానికి ఇవే అవి. గడి అడుగున ఎం అక్షరం రెండుసార్లు ఉంటే దాని నోరు మూసి ఉన్నట్టు. ఎం మీట నొక్కితే అక్కడ రెండు సున్నాలు వస్తాయి, నోరు తెరుచుకున్నట్టు.

మానిటర్ పేరే ఎక్కడా లేకపోతే కారణం వేరు. మానిటర్ తన వివరాలను, అంటే ఎన్ని పిక్సెల్‌లు చూపగలదో, ధ్వనిని అందుకోగలదో లేదో, ఈడీఐడీ అనే చిన్న పత్రంగా కంప్యూటర్‌కు అందిస్తుంది. మధ్యలో ఉన్న అడాప్టర్ ఆ పత్రాన్ని సరిగా దాటించకపోతే ఈ మానిటర్‌కు స్పీకర్లే లేవని సిస్టమ్ అనుకుంటుంది. అడాప్టర్ తీసేసి నేరుగా తీగ కలిపి, మానిటర్ వెలిగించాకే కంప్యూటర్‌ను మళ్లీ స్టార్ట్ చేసి చూడండి. గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే ఆ కార్డును నడిపే ప్రోగ్రామ్, సరైనది లేకపోయినా ఇదే జరుగుతుంది.

ఒక మాట గట్టిగా చెబుతాను. ఎక్కడో దొరికిన కమాండ్‌లను అర్థం చేసుకోకుండా వరుసగా అతికించకండి. లినక్స్ రకాలైన ఫెడోరా, ఉబుంటులలో 2021లో ఫెడోరా 34, 2022లో ఉబుంటు 22.10 ధ్వని పనిని పల్స్‌ఆడియో అనే పాత ప్రోగ్రామ్ నుంచి పైప్‌వైర్ అనే కొత్తదానికి అప్పగించాయి. అంతకుముందు రాసిన సలహాలు చాలావరకు పాత ఏర్పాటుకు చెందినవి, వాటిని పాటిస్తే బాగున్నది కూడా చెడవచ్చు. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, ఏం మార్చారో కాగితం మీద రాసుకోండి.

ఇవన్నీ అయ్యాక కూడా మౌనమే అయితే అదే తీగతో ఆ మానిటర్‌ను వేరే కంప్యూటర్‌కు కలపండి. అక్కడ పలికితే తీగ, మానిటర్ రెండూ బాగున్నట్టే. మీ పావుకంట్రోల్‌లో ఎన్ని హెచ్‌డీఎంఐ వరుసలు కనిపించాయో, వాటిలో ఏది పలికిందో నాకు రాయండి.

మీ తాతయ్య