కోర్టుకు వెళ్లకుండా ఆస్తి పంపకం: అపోహలు, వాస్తవాలు

వీలునామా రాయకుండా ఇంటి పెద్ద పోతే, వారసులంతా ఒక మాట మీద ఉన్నంతకాలం కోర్టు మెట్లెక్కాల్సిన పని లేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తేలిపోతుంది. వారసుల్లో ఎవరినో ఒకరిని వదిలేసి రాసుకున్న పంపకాలే తర్వాత దావాలవుతున్నాయి. కింద చెప్పే వాటాలు హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబాలవి. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల లెక్క వేరు.

అపోహ: కూతురికి కట్నం ఇచ్చేశాం, ఇక వాటా లేదు.

వాస్తవం: కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా పోదు. తండ్రి స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికుంటే ఆయన తల్లికి సమాన వాటాలు. ఆ ముసలి తల్లిని లెక్కలో మరిచిపోవడం మేం తరచూ చూస్తాం. తల్లి, భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉంటే ఐదు వాటాలు. కొడుకుల్లో ఒకరు తండ్రికంటే ముందే పోయి ఉంటే ఆ ఒక్క వాటా కోడలికీ ఆమె పిల్లలకూ కలిపి వస్తుంది, కాబట్టి దస్తావేజులో వాళ్లూ ఉండాలి. పిత్రార్జితంలోనూ 2005 సవరణతో కూతురికి పుట్టుకతో హక్కుంది. సవరణ వచ్చేనాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో తేల్చింది. కూతురు మనస్ఫూర్తిగా వాటా వద్దనుకుంటే హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేయించాలి. నోటరీ అఫిడవిట్ చాలదు.

అపోహ: పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకుంటే చాలు.

ముందే నోటిమాటగా పంచుకుని, జరిగిపోయిన పంపకాన్ని గుర్తుగా రాసుకున్న కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ ‘ఈ పత్రం ద్వారా ఫలానా సర్వే నంబరు పెద్దవాడికి’ అని రాశారంటే ఆ కాగితంతోనే పంపకం జరిగినట్టు. దాన్ని రిజిస్టర్ చేయించకపోతే కోర్టులో హక్కు రుజువుకు పనికిరాదు. స్టాంపు డ్యూటీ కట్టకపోతే తక్కువ పడిన దానికి పదింతల దాకా జరిమానా పడొచ్చు. కాబట్టి భాగపరిష్కార దస్తావేజే (ఎవరి వాటా ఏదో చెప్పే పంపకాల పత్రం) రాయించుకోండి. సంతకాలు పెట్టిన 4 నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయాలి.

మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, లింకు డాక్యుమెంట్లు (ఆస్తి పాత దస్తావేజులు), ఈసీ (ఆ ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) ముందే సిద్ధం చేసుకోండి. దస్తావేజులో ఆస్తి వివరాలు రాసే షెడ్యూలులో విస్తీర్ణం, నాలుగు హద్దులతో ఆగొద్దు. వెనక ముక్కకు దారి ఎన్ని అడుగులు, ఎవరి వాటాలోంచి, ఉమ్మడి బోరు నీళ్లు ఎవరికి ఏ రోజు, మోటారు రిపేరు ఖర్చు ఎవరిది అన్నవీ రాయించి, కొలతల ప్లాను జతచేయండి. అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయేది ఎక్కువగా ఈ దారి దగ్గరే.

అపోహ: కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ (వారసత్వ ధ్రువపత్రం) లేనిదే ఇల్లు పంచుకోలేం.

అది రావాల్సిన బాకీలు, డిపాజిట్లు, షేర్ల వంటి వాటికే. ఇంటికీ పొలానికీ దానితో పనిలేదు.

అపోహ: బ్యాంకులో నామినీ ఎవరో డబ్బు వాళ్లదే.

నామినీకి బ్యాంకు డబ్బు చెల్లిస్తుంది, అంతే. అది వారసులందరిదీ. షేర్ల విషయంలోనూ నామినీ సొంతదారు కాడని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. రెవెన్యూ రికార్డులో పేరు మారడమూ అంతే, దానివల్ల కొత్త హక్కేమీ పుట్టదు.

అపోహ: మైనరు పిల్లల తరఫున తల్లి సంతకం పెడితే ఏ దస్తావేజైనా చెల్లుతుంది.

మైనరుకు న్యాయమైన వాటా చూపిస్తూ తల్లి సంతకం చేయొచ్చు. ఆ వాటాను వదులుకోవాలన్నా, అమ్మాలన్నా జిల్లా కోర్టు అనుమతి కావాలి. అనుమతి లేకుండా చేస్తే ఆ బిడ్డ 18 ఏళ్లు నిండాక 3 ఏళ్లలోపు రద్దు కోరవచ్చు, అప్పటికి ఆ స్థలం ఎన్ని చేతులు మారినా సరే.