మాట్లాడటం రాకపోతే ఉద్యోగం రాదా? యాటిట్యూడ్, స్కిల్ గురించి అపోహలు - వాస్తవాలు

జాబ్ మేళాలో మా టేబుల్ దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది ఒకటే. "సార్, మావానికి పని బాగా వస్తాది, నలుగుర్లో మాట్లాడల్లంటేనే భయం. తీసుకుంటారా?" పిల్లోడు పక్కనే తల దించుకుని నిలబడి ఉంటాడు. కంపెనీలు ఇప్పుడు స్కిల్ చూడటం లేదు, యాటిట్యూడ్ ఒక్కటే చూస్తున్నాయని ఎవరో చెప్పి ఉంటారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలై, చుట్టుపక్కల విడిభాగాల యూనిట్లు వచ్చాక అనంతపురం, హిందూపురం ఐటీఐల్లో ఈ మాట మరీ ఎక్కువగా వినిపిస్తోంది. అలాంటి ఒక యూనిట్‌కి ఫిట్టర్లను, ఆపరేటర్లను, క్వాలిటీ వాళ్లను తీసుకునే పని నాది. కాబట్టి సూటిగానే రాస్తాను.

అపోహ: యాటిట్యూడ్ అంటే తడబడకుండా, వీలైతే ఇంగ్లీషులో, గలగలా మాట్లాడటం.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. దీన్ని నమ్మి ఐటీఐ అయిపోయిన పిల్లలు అప్పు చేసి మరీ పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులకు ఫీజు కడుతున్నారు, "నా బలాలు, నా బలహీనతలు" అని జవాబులు బట్టీ పడుతున్నారు, ఆ నెలల్లో ఒక్కసారి కూడా చేత్తో మైక్రోమీటర్ (సన్నని మందాలు కొలిచే పరికరం) పట్టుకోవడం లేదు. కోపం వస్తుంది నాకు, పిల్లల మీద కాదు, వాళ్ల భయాన్ని సొమ్ము చేసుకునేవాళ్ల మీద.

మా దగ్గర ఏం జరుగుతుందో చెప్తా. టేబుల్ మీద ఒక షాఫ్ట్ (గుండ్రటి ఇనుప కడ్డీ), దాని మందం కొలిచే ఒక వెర్నియర్ ఉంటాయి. ఆ వెర్నియర్‌కి 0.04 మి.మీ. జీరో ఎర్రర్ ఉంది, అంటే ఏమీ కొలవకుండా మూసినా సున్నాకి బదులు 0.04 చూపిస్తుంది. కావాలనే అలా ఉంచాం. ఒక రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చక్కగా షేక్ హ్యాండ్ ఇచ్చిన అబ్బాయి వచ్చాడు, షాఫ్ట్ పట్టుకున్నాడు, కొలిచాడు, "25.06 సార్" అని పెట్టేశాడు. తర్వాత గోరంట్ల వైపు నుంచి వచ్చిన ఇంకో అబ్బాయి. పేరు అడిగితేనే గొంతు వణికింది. వాడు ముందు కర్చీఫ్ తీసి వెర్నియర్ జాస్ (వస్తువును పట్టుకునే రెండు దవడలు) తుడిచాడు. వాటిని దగ్గరికి మూసి వెలుతురుకు పెట్టి చూశాడు. మళ్లీ తుడిచి మళ్లీ మూశాడు. షాఫ్ట్‌ను తిప్పి రెండు మూడు చోట్ల కొలిచి, చాలాసేపటికి, "సార్, ఇది సున్నా కాడ కలవడం లేదు, ఎక్కువ చూపిస్తాంది. అది తీసేస్తే 25.02 సార్" అన్నాడు. ఆ తర్వాత మేం అడిగిన ప్రశ్నలకు వాడు పట్టుమని నాలుగు మాటలు చెప్పలేదు. వాడినే తీసుకున్నాం. తన చేతిలో ఉన్న పరికరాన్ని అనుమానించడం, ఆ అనుమానాన్ని దాచుకోకుండా ఎదుటివాడికి చెప్పడం - షాప్ ఫ్లోర్ మీద మాకు కావాల్సిన యాటిట్యూడ్ అదే. పని చేతికిచ్చి చూస్తే స్కిల్‌తో పాటే అదీ బయటపడుతుంది.

యాటిట్యూడ్ అవసరం లేదని నేను అనడం లేదు. పీస్ పాడైతే సూపర్‌వైజర్‌కి చెప్పకుండా ఓకే ట్రేలో (బాగున్న పీసులు పెట్టే ట్రే) అడుగున కలిపేసేవాడు ఎంత పనిమంతుడైనా మాకు వద్దు, ఆ ఒక్క పీస్ వల్ల లాట్ మొత్తం వెనక్కి రావచ్చు. అందుకే ప్రతి ఒక్కరినీ అదే వరసలో ఒకే ప్రశ్నలు అడుగుతాం: చివరిసారి నీ చేతిలో పని ఎప్పుడు చెడింది, అప్పుడు ఎవరికి చెప్పావు, తర్వాత ఏం చేశావు? "నా వల్ల ఎప్పుడూ తప్పు జరగలేదు సార్" అనేవాడికి మార్కులు తగ్గుతాయి.

ఇలా ముందే అనుకున్న ప్రశ్నలతో, మార్కులు వేస్తూ చేసే ఇంటర్వ్యూకీ, ఊరికే కూర్చోబెట్టి పిచ్చాపాటీ మాట్లాడే ఇంటర్వ్యూకీ తేడా చాలా ఉంది. ఉద్యోగుల ఎంపిక మీద పరిశోధన చేసే అమెరికా మనస్తత్వవేత్త పాల్ సాకెట్ బృందం పాత పరిశోధనలను తిరగేసి 2022లో లెక్క తేల్చింది. మనిషి తర్వాత ఎలా పనిచేస్తాడన్నదానితో మొదటి రకానికి ఉన్న సంబంధం సుమారు 0.42, రెండో రకానికి 0.19. పూర్తిగా కలిస్తే 1, అసలు కలవకపోతే 0 అన్నమాట. "మనిషిని చూడగానే చెప్పేస్తా" అనే యజమానులు మా జిల్లాలో నాకు చాలామంది తెలుసు. ఈ రెండు అంకెలు వాళ్లు ఒకసారి చూడాలి.

అపోహ: స్కిల్ తర్వాత నేర్పుకోవచ్చు, మంచి కుర్రాడైతే చాలు.

చిన్న యూనిట్ల యజమానులు చేసే పని ఇది. తెలిసినవాళ్ల అబ్బాయి, వినయంగా ఉంటాడు, ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో వేసెయ్. త్రీ ఫేజ్ ప్యానెల్‌కి వినయంతో పనేముంది? సప్లై ఆపి, లాక్ వేసి, టెస్టర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలని తెలియనివాణ్ని అక్కడ నిలబెడితే ప్రాణం పోతుంది. మా మెషిన్ల సెట్టింగు, మా రిపోర్టు రాసే పద్ధతి, ఇవి చేరాక నేర్పుతాం, అవి రావని ఎవరినీ పంపించం. కొలతలు, డ్రాయింగ్ చదవడం, సేఫ్టీ మాత్రం వచ్చే ఉండాలి. ఆ గీత దాటిన ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు యాటిట్యూడ్ చూస్తాం.

మిగతావి గబగబా. ఎక్కువ ఏళ్ల అనుభవం ఉంటే మంచి పనివాడే అనుకోవద్దు, అదే పని అదే తప్పుతో ఏళ్ల తరబడి చేసినవాళ్లు ఉంటారు. మధ్యలో ఏడాది ఖాళీ ఉంటే తీసుకోరన్నది మా దగ్గర నిజం కాదు. ఇంట్లో జబ్బు చేసిందనో, సేద్యం చూసుకున్నాననో ఉన్నది ఉన్నట్టు చెప్పండి, దానికి కథలు అల్లొద్దు. భయంతో చేతులు వణికితే మార్కులు పోవు, నీళ్లు తాగి మళ్లీ కొలవమని మేమే చెప్తాం.

"లోపల మనిషి ఉన్నాడు, ఇంత కడితే పోస్టు ఖాయం" అని ఫోన్ చేసేవాడు, డిపాజిట్ అనో ట్రైనింగ్ కిట్ అనో ఏ పేరు పెట్టినా సరే, మోసగాడే. మేం అభ్యర్థుల దగ్గర ఒక్క రూపాయి తీసుకోం. అప్పటికే కట్టేసి ఉంటే సిగ్గుపడి ఊరుకోకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆ మెసేజ్‌లు, డబ్బు పంపిన రసీదులు డిలీట్ చేయకుండా పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్లండి.